ఉడికిన ఉన్ని గొర్రెపిల్ల

స్టీలు ప్లాంటు కాలనీ సెక్టర్ 4లో మా పక్క క్వార్టర్ వెరోనికా పిన్ని మాటిచ్చిందంటే అది తీరేదాకా ఇంట్లో ఎవరికీ వేళకి తిండి ఉండదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన కొత్తలో అలాంటి మాటొకటి మనవరాలు జెన్నీకిచ్చింది. అంతకుముందు ఏడు చర్చిలో క్రిస్మస్ నాటకానికి జెన్నీ కాపరి వేషం వేసి, చుట్టిన తువ్వాలుని గొర్రెపిల్లంటూ ఎత్తుకొస్తే అందరూ నవ్వారు. ఇక వేషం వెయ్యనని మొండికేసింది. "ఈసారి అచ్చం గొర్రెపిల్లే చేసిస్తాను" అంది పిన్ని.

ఎలా చెయ్యాలో ఆవిడకీ తెలియదు. అల్లుడు రవి కుమార్ పనిచేసే చిన్న కార్ఖానాలో దారం, నేత లేకుండా, గాట్లున్న సూదులతో పీచుని పొడిచి గుడ్డ చేస్తారు. గాట్లు పీచుని లోపలికి లాగి చిక్కువేస్తాయట.

"మిషను చేసేది చెయ్యి చెయ్యలేదేటి? పారేసే సూదులుంటే తే బాబూ" అంది.

సూదులొచ్చాయి. కింద పెట్టుకోడానికి పాత స్కూటర్ సీటు స్పాంజి దొరికింది. నందిని రోడ్డు పక్కన గొర్రెల మందలు మేపేవాళ్లు సంచెడు ఉన్ని ఇచ్చి, మందతో సాగిపోయారు. పిన్ని ఆ మురికి ఉన్నిని, బాబాయి ప్లాంటు బట్టల్లాగే, సోడా వేసి ఉడకబెట్టి బండకేసి బాదింది. మా ఇళ్లల్లో శుభ్రమంటే అదే మరి. ఉన్ని కాస్తా బిగిసి గట్టి ముద్దయింది. సంచి అడుగున గుప్పెడే మిగిలింది.

జెన్నీ ఆ ముద్దని ఒకసారి వేలితో నొక్కి చూసి వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేది.

పిన్ని మాత్రం ముద్దని అటూ ఇటూ తిప్పి, "ఒళ్లు తయారైపోనాది జ్యోతీ. ఇంక తోలే కావాల" అంది నాతో. మిగిలిన గుప్పెడు ఉన్నిని చన్నీళ్లలో జాడించి, ఆరబెట్టి, పలచగా విడదీసి, ముద్ద మీద పరిచి పొడవసాగింది. వేళ్లకి గుచ్చుకున్నా ఆపలేదు.

"పిన్నీ, ఇది గొర్రా, కుక్కా?" అన్నాను.

"నోరు మూసుకుని ఆ చెవి పట్టుకో."

క్రిస్మస్‌నాటికి గొర్రెపిల్ల నిలబడింది. ఆవిడ పట్టుదల చూస్తే నాకు గర్వంగా అనిపించింది. నాటకంలో ఎవరూ నవ్వలేదు. కానీ కాపరి గొర్రెపిల్లని బాలయేసు తొట్టి దగ్గర వదిలేసి రావాలి. జెన్నీ వదల్లేదు.

"నహీ, నానీ నాకోసం చేసింది" అంది, అమ్మమ్మ చేసిన గొర్రెపిల్లని గుండెకి హత్తుకుని.

ముందు వరసలోంచి పిన్ని మెల్లగా అంది:

"ఇచ్చెయ్ తల్లీ. నాకు చెయ్యడం వచ్చేసినాది కదా."

జెన్నీ గొర్రెపిల్లని తొట్టి పక్కన పడుకోబెట్టి, దాని తోక సర్దింది.