తేదీ రాయని అర్జీ

మొదటి పొరపాటు బోర్డుతోనే జరిగింది. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గరగా మా చర్చికి ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని ముందు ఎర్ర రంగుతో ‘కౌన్సెలింగ్, ఉచితం, అందరికీ’ అని రాయించాను. అవి ఎనభైల తొలి సంవత్సరాలు. నేను ఆ పేటలోనే చిన్న పిల్లల బడిలో టీచర్ని. అంతకుముందు వేసవిలో పది రోజుల శిక్షణకి వెళ్లి, మనసులో బరువున్న మనిషి మాట ఎలా వినాలో నేర్చుకుని వచ్చాను. పది రోజుల్లో అంతా వచ్చేసిందనుకునే వయసు నాది.

నాతో కలిసి కూర్చున్నది రిటైరైన నర్సు. పేటంతా ఆవిడని నర్సమ్మ అనే పిలిచేవారు. ఆసుపత్రి వార్డుల్లో తల నెరిసిపోయిన మనిషి. ఆవిడ ఒకటే అనేది: “పెద్దాసుపత్రికి పోతే పిచ్చి అంటారు. ప్రైవేటు డాక్టరు గుమ్మం ఎక్కడానికి చేతిలో డబ్బుండదు. మధ్యలో ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారమ్మా?” ఆ మధ్యలో ఉన్నవాళ్ల కోసమే ప్రతి శనివారం సాయంత్రం షెడ్డు తెరిచాం.

మొదటి శనివారం ఒక ముసలామె ఖాళీ బిందెతో వచ్చింది.

“కౌన్సిలర్ గోరున్నారేటమ్మా? మా ఈదిలో కొళాయి రాక వారమైపోనాది.”

ఇది కౌన్సిలర్ ఆఫీసు కాదని నేను అర్థం చెప్పబోయాను. ఆమె బోర్డు వైపు చెయ్యి చూపించి, “మరలాగని రాసుంది కాదేటి?” అంది. తర్వాతి వారం మురిక్కాలవ గురించి ముగ్గురు, రేషన్ కార్డు గురించి ఇద్దరు. కౌన్సెలింగ్ అన్న మాట పేటలో ఎవరూ విని ఉండలేదు. కొద్దిగా అర్థమైనవాళ్లు దాన్ని ‘పిచ్చోళ్ల షెడ్డు’ అన్నారు. అర్థం కాని వాళ్లు అర్జీలు పట్టుకొచ్చారు. కాదనలేక కూర్చుని రాసేదాన్ని. లోపల ఉడికిపోయేదాన్ని. నేను నేర్చుకున్నది కొళాయి అర్జీలు రాయడానికా అని నర్సమ్మ మీద విసుక్కున్నాను.

“అర్జీ కోసమైనా కూర్చుంటన్నారు కదా. కూర్చోనియ్యి,” అంది ఆవిడ.

కొండ అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న యారాడ నుంచి ఒక మనిషి వచ్చింది కూడా అర్జీ కోసమే. అతని అక్క మా పేటలో ఉండేది. ఆమె కూతురు మా బడిలో చదివేది. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయేమో, ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడిన మొహం. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“పంతులమ్మ గోరూ, మా తమ్ముడి పెళ్లానికి పింఛనుకి ఒక అర్జీ రాసీండి.”

వివరాలు అడిగాను. తమ్ముడు రెండు నెలల కిందట తెప్ప మీద సముద్రంలోకి చేపల వేటకి వెళ్లాడు. మూడో రోజున తెప్ప దొరికింది. మనిషి దొరకలేదు. తాలూకా ఆఫీసువాళ్లిచ్చిన ఫారం తీసి నా ముందు పెట్టాడు. వితంతు పింఛను కదా, మరణించిన తేదీ రాయాలి. ఏ తేదీ రాయమంటారని అడిగాను.

“సచ్చిపోనాడని ఎవులన్నారండి?” అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. “రానేదు. అంతే.”

“మరి పింఛను రావాలంటే…”

“అదే కదండీ,” అని ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం మళ్లీ వచ్చాడు. మళ్లీ ఆ తేదీ గడి దగ్గరే ఆగిపోయాం. యారాడ నుంచి కొండెక్కి దిగి, బస్సు పట్టుకుని రావడం ఒక పూట పని. ఫారం నింపడానికి కాదు ఇతను వస్తున్నదని నాకు అప్పటికి గాని తట్టలేదు.

మూడో శనివారం ఫారం జేబులోంచి తియ్యలేదు. గూడ్సు బండి ఒకటి షెడ్డు రేకులు అదరగొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా కాళ్ల వైపు చూస్తూ కూర్చుని, అప్పుడన్నాడు: “ఆ దినం పొద్దున్నే ఆడ్ని నాను…”

సరిగ్గా అప్పుడే మా సంఘం పెద్దాయన లోపలికి వచ్చాడు. చేతిలో కొత్త రిజిస్టరు. మనిషి చెడ్డవాడు కాదు. షెడ్డు ఇప్పించింది ఆయనే. చర్చి కమిటీ కొత్తగా రూలు పెట్టిందట: వచ్చినవాళ్ల పేరు, కులం, చర్చి రాసుకోవాలి, ముందు ప్రార్థన చేసి తర్వాత మాట్లాడాలి. ఎంతమందికి మేలు జరిగిందో పైవాళ్లకి చూపించాలి కదా అన్నాడు.

యారాడ మనిషి వైపు తిరిగి, “బాబూ, మీది ఏ చర్చి?” అని అడిగాడు.

“మాది యారాడండి.”

“ఊరు కాదు బాబూ. ఏ సంఘం? క్రైస్తవులేనా?”

అతను లేచి నిలబడ్డాడు. “నాకు తెలీక ఒచ్చీసినాను. ఏటనుకోకండి,” అని నాకు దణ్ణం పెట్టి బయటికి వెళ్లాడు. ఆపుదామని కాళ్లు కదపబోతే నర్సమ్మ కళ్లతోనే వద్దంది. ఆ రోజు పెద్దాయన మీద నేను అరిచిన అరుపు బయట టీ కొట్టు దాకా వినిపించిందట.

కమిటీ మీటింగులో బోర్డు చూపించి అడిగాను. అందరికీ అని రాశాం కదా అన్నాను.

“అందరికీ అంటే మనందరికీ అమ్మా,” అన్నాడు ఆయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

సరే, చర్చి షెడ్డు కాకపోతే ఇంకోటి అనుకుని, పక్క వీధిలో కుర్రాళ్లు నడిపే యువజన సంఘం గది అడిగాను. అక్కడ కార్యదర్శి మర్యాదగానే మాట్లాడాడు. “గదికేటుందండీ, ఇచ్చీవచ్చు. మీరు మతంలో కలిపీసుకుంటారని మావోళ్లు అంటన్నారు.” ఒకరికి వచ్చినవాడు క్రైస్తవుడు కాకపోవడం తప్పు, ఇంకొకరికి నేను క్రైస్తవురాలిని కావడం తప్పు. యారాడ నుంచి వచ్చిన మనిషి గురించి ఎవరూ అడగలేదు. ఆ నెలంతా నాకు క్లాసులో పిల్లల మీద కూడా కోపం వచ్చేది.

“మా అరుగుంది కదా,” అంది నర్సమ్మ చివరికి. “దానికి బోర్డూ వద్దు, రిజిస్టరూ వద్దు.”

శనివారాలు అక్కడికి మారాం. అతను మాత్రం రాలేదు. మూడు శనివారాలు చూసి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం యారాడ వెళ్లాం. నర్సమ్మ మోకాళ్లు పట్టుకుని కొండ ఎక్కింది, తిట్టుకుంటూ దిగింది. అతను ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి గాభరాగా లేచాడు. ఏమీ అనకముందే గుమ్మంలోంచి వాళ్లమ్మ అడిగింది.

“ఎవులు మీరు? గవుర్మెంటోళ్లా? నా కొడుకు సచ్చిపోనాడని రాసుకోడానికొచ్చినారా?”

“కాదమ్మా,” అంది నర్సమ్మ, అక్కడే ఇసకలో కూలబడుతూ. “ముందు కాసిన్ని మంచినీళ్లియ్యండి.”

నీళ్లు తెచ్చింది తమ్ముడి భార్య. ఇరవై ఏళ్లుండవు. చేతులకి గాజులున్నాయి. ఆమెని కన్నవాళ్లు వచ్చి తీసుకెళ్తామన్నా అత్త పంపడం లేదని తర్వాత తెలిసింది. “ఆడొచ్చి అడిగితే ఏటి సెప్పాల?” అనేదట.

తిరిగి వెళ్లేటప్పుడు అతను కొండ మీది దాకా సాగనంపాడు. దారి పొడుగునా నేను మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను. నర్సమ్మ బస్సు రోడ్డు కనబడ్డాక చెప్పింది: “శనివారాలు మా అరుగు మీదుంటాం నాయనా. కాగితం లేకపోయినా రావచ్చు.”

రెండు వారాల తర్వాత వచ్చాడు. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని, మావైపు చూడకుండా చెప్పాడు.

“ఆ దినం నాను ఎల్లాల. ఒంట్లో బాగోక తొంగున్నాను. ఆడు ఎల్తానన్నాడు. ఊరికే ఎల్లనిచ్చినా బాగుణ్ణు. ఎల్లు, పెళ్లయ్యింది మొదులుకుని కూకుని తింతన్నావు, అన్నాను. మా అమ్మకి తెల్దు. ఆడి పెళ్లానికీ తెల్దు. ఆ మాటకి ఆడు నవ్వీసి ఎల్లిపోనాడండి.”

మీ తప్పేం లేదని చెప్పడానికి నోరు తెరిచాను. నర్సమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అతను ఏడ్చాడు. ఎవరి ఇంటి ముందో కూర్చుని ఏడుస్తున్నానన్న ఎరుక కూడా లేకుండా ఏడ్చాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నర్సమ్మ లేచి, చీర కొంగు దోపుకుని, “పోండి, పోయి మీ పనులు చూసుకోండి,” అని వాళ్లని తరిమేసింది. తర్వాత టీ పెట్టి తెచ్చింది. టీ తాగి, ఫారం తీసి నా చేతికిచ్చాడు.

“ఇంక రాసీండి.”

అయినా ఆ తేదీ నోటితో చెప్పలేదు. తమ్ముడు వేటకి వెళ్లి తిరిగి రాలేదని ఒక తెల్ల కాగితం మీద వివరంగా రాసి, ఆ గడి ఖాళీగా ఉంచి ఫారంకి జత చేశాను. సోమవారం బడికి సెలవు పెట్టి అతనితో ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా పైనుంచి కిందికి చదివి వెనక్కి నెట్టాడు.

“తేదీ లేందే తీసుకోం. చనిపోయాడా, లేదా? ఏదో ఒకటి చెప్పండి.”

నేను గొడవకి దిగాను. సముద్రం మీద పోయిన మనిషికి తేదీ ఎవరిస్తారని అడిగాను. ఆయన నా మాట వినకుండా వెనక నిలబడ్డ ఇంకొకరి కాగితం అందుకున్నాడు. అప్పుడు యారాడ మనిషి నా భుజం పక్కనుంచి ముందుకొచ్చాడు.

“సచ్చిపోనాడండి. ఎల్లిన దినమే సచ్చిపోనాడు. రాసుకోండి.”

గుమాస్తా తలెత్తలేదు. తేదీ అడిగాడు, ఇతను చెప్పాడు, ఆయన రాసుకున్నాడు. అరుగు మీద మా ఇద్దరి ముందు చెప్పలేని మాట, మొహం కూడా చూడని ఒక మనిషి ముందు చెప్పాల్సి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

ఇంటికెళ్లి ఆ రాత్రే తల్లికి అంతా చెప్పాడట, కూకుని తింతన్నావన్న మాటతో సహా. ఆమె నెల్లాళ్లు కొడుకుతో మాట్లాడలేదు. ఆ తర్వాత చిన్న కోడలిని ఆమే స్వయంగా కన్నవాళ్లింటికి తీసుకెళ్లి దింపి వచ్చింది. పింఛను ఎప్పటికో వచ్చింది. అతను మాత్రం పని లేకపోయినా, వేట లేని శనివారాల్లో వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఒక్కోసారి చేపలు తెచ్చేవాడు, ఒక్కోసారి తనలాంటి ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చేవాడు.

అలా రెండేళ్లు నడిచింది. నర్సమ్మకి పక్షవాతం వచ్చి కూతురు తీసుకెళ్లిపోయాక, నేనొక్కదాన్నే మా ఇంట్లో నడుపుతానన్నాను. మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. సాయంత్రాలు ఇంట్లో బడి పిల్లలకి ట్యూషన్లు కూడా చెప్పేదాన్ని. బడి యాజమాన్యం పిలిచి, పిచ్చోళ్లు వచ్చే ఇంటికి పిల్లల తల్లిదండ్రులు ట్యూషన్లకి పంపరమ్మా అంది. కమిటీతో పోట్లాడినదాన్ని, గుమాస్తాతో పోట్లాడినదాన్ని, అక్కడ మాత్రం తలూపి వచ్చేశాను. ఆ తర్వాతి శనివారం యారాడ నుంచి ఇద్దరు వచ్చి, నర్సమ్మ ఇంటి తాళం చూసి తిరిగి వెళ్లారని అతని మేనకోడలు మా క్లాసుకి వచ్చి చెప్పింది. పలకలు తియ్యమని పిల్లలకి చెప్పి, బోర్డు వైపు తిరిగి లెక్క రాయడం మొదలుపెట్టాను.