రాజుగారి ముక్కుపొడుం డబ్బీ

మావయ్యకు ఒకటే జబ్బు. ఏ వస్తువు కనబడినా వాడకుండా ఉండలేడు. "వాడని వస్తువు వాడిపోతుందే" అంటాడు. ఇంట్లో అయితే ఎవరికీ బాధ లేదు. ఆయన పనిచేసేది మ్యూజియంలో, పాత వస్తువులు తుడిచి బాగుచేసే పని. ఆ మ్యూజియానికి అధికారిణి ఆయన సొంత మేనకోడలు. ఇక ఆ పిల్ల గుండె కుదురుగా ఎలా ఉంటుంది?

ఒకసారి రాణిగారి గొడుగు కనబడక ఆమె ఊరూవాడా ఏకం చేస్తుంటే, అది గేట్లోంచి నింపాదిగా నడిచొచ్చింది. దాని కింద కూరల సంచీతో మావయ్య.

"మావయ్యా! అది రాణిగారి గొడుగు!"

"వాన కదే! మరి కిరీటం పెట్టుకెళ్లమంటావా?"

ఇంకోసారి సేనాపతి మంచం మీంచి గురక వినబడి, చూడ్డానికొచ్చిన వాళ్లు దయ్యమనుకుని చెప్పులు వదిలేసి పరిగెత్తారు.

అలాంటి చోటికి వచ్చిపడింది రాజుగారి ముక్కుపొడుం డబ్బీ. మేలిమి బంగారం. మూత చుట్టూ కెంపులు, నడుమ పచ్చ. ఏ రాజుగారో తన వైద్యుడికి మెచ్చి ఇచ్చాడట. ఆ వైద్యుడి మనవరాలు, చూపు బాగా మందగించిన ముసలావిడ, స్వయంగా తెచ్చి అప్పగించింది.

"ప్రదర్శన ప్రారంభం నాడు వస్తాను. సరిగ్గా చూసుకోలేదా, వెనక్కి పట్టుకుపోతాను" అంది.

"అది వెళ్తే నీ ఉద్యోగం కూడా దాని వెంటే" అన్నాడు పై అధికారి.

మేనకోడలు చేతులు జోడించింది. "మావయ్యా, నీకు పుణ్యముంటుంది. దీని జోలికి మాత్రం వెళ్లకు."

"నాకు పొడుం అలవాటే లేదు కదే!"

అదీ నిజమే. ఆమె స్థిమితపడింది.

ప్రారంభం నాడు అతిథులు గుమ్మంలోకి వచ్చేశారు. ఆఖరిసారి చూసుకుందామని ఆమె అద్దాల బీరువా తెరిచింది. ఘాటు గుప్పుమంది. డబ్బీ మూత తీస్తే, నిండా పొడుం! నోట మాట రాలేదు. తుమ్ము మాత్రం వచ్చింది.

"కొంప ముంచావు కదా మావయ్యా! నీకు అలవాటు లేదన్నావుగా?"

"నాకోసం కాదులే" అంటూ ఆయన డబ్బీ అందుకుని, తిన్నగా వెళ్లి ముసలావిడ చేతిలో పెట్టేశాడు. పై అధికారి ముక్కున వేలేసుకున్నాడు. మేనకోడలు కళ్లు మూసుకుంది.

ముసలావిడ మూత తీసింది. వాసన చూసింది. చిటికెడు పట్టించి, కెంపులు రాలతాయేమో అన్నంత గట్టిగా తుమ్మింది.

"మా తాతయ్యే!" అంది. "ఒళ్లో కూర్చుంటే ఇదే వాసన. మీకెవరు చెప్పారు బాబూ?"

"ఎవరూ చెప్పలేదమ్మా. ఆవేళ ఇచ్చేముందు మూత తీసి వాసన చూశారు. ఏమీ తగల్లేదు కాబోలు, మీ మొహం వాడిపోయింది."

ఆవేళ అందరూ కెంపులు చూశారు. మేనకోడలూ కెంపులే చూసింది. ఇప్పుడు మావయ్యను కోప్పడాలో, కౌగిలించుకోవాలో తెలియక గుడ్లు మిటకరించింది.

"డబ్బీ ఇక్కడే ఉంటుందమ్మాయ్" అంది ముసలావిడ. "నేనొచ్చేసరికి మాత్రం ఖాళీగా ఉండకూడదు."

పై అధికారి ఇంకా తేరుకోలేదు. మావయ్య ముసలావిడ దగ్గర డబ్బీ అందుకుని ఆయన ముందుకు జాపాడు.

"వేలు ఎలాగూ ముక్కు మీదే ఉంది. తమరూ ఓ చిటికెడు పట్టించండి సార్!"