నోట్లో దారం

నగ్యవారద్ ఊళ్లో ఎటెల్కా ఆడవాళ్ల లోరవికలు కుట్టేది. టేపు పెట్టకుండా, ఒక్క చూపుతోనే కొలత చెప్పేసేది. నోరు మాత్రం మహా దురుసు. "ఊపిరి బిగబట్టకమ్మా, ఇవేమన్నా పెళ్లిచూపులా?" అని కసిరేది. ఆమెకో పట్టింపు ఉండేది, అక్కడి యూదుల ఇళ్లలో మామూలుదే. ఒంటి మీదున్న బట్టకు కుట్టెయ్యాలంటే, ముందు ఆ మనిషి నోట్లో దారం పెట్టి నమలమనాలి. ఒంటి మీద కుట్టేది శవానికే గదా! నమిలితే బతికున్నట్టు.

తర్వాత అందర్నీ జర్మన్ల నిర్బంధ శిబిరానికి తోలుకుపోయారు. ఇంటిల్లిపాదిలో ఆమెకు చెల్లెలు సెరేన్ ఒక్కతే మిగిలింది. చలికాలం వచ్చేసరికి పిల్ల ఎండుపుల్లయింది. ఇంతలో ఏరివేత అన్నారు. రొమ్ము పీక్కుపోయి, వంగి నడిచేవాళ్లను ఎడమవైపుకు తోస్తారు. అటు వెళ్లినవాళ్లు మళ్లీ కనబడరు.

ఎటెల్కా తన రొట్టె ఇచ్చి సూది సంపాదించింది. కంబళి అంచు కోసి దారాలు లాగింది. పట్టుబడితే చావగొట్టేవాళ్లే. లోపల పీలికలు కూరి చెల్లెలికి లోరవిక చేసింది. హుక్కులెక్కణ్ణుంచి తెస్తుంది? వీపు మీదే కుట్టెయ్యాలి. అందుకు సరిపడా దారం సూదికెక్కించి, మిగిలిన మూరెడూ ఉండచుట్టి పట్టుకుంది.

"నోరు తెరువ్."

"ఇక్కడ కూడానా అక్కా?"

"తెరవ్వే, పిలుస్తున్నారు."

సెరేన్ నమిలింది. "ఉప్పు తగ్గిందే!"

"మింగి చస్తావేమో, కరువు పీనుగా! ఉన్నదదొక్కటే."

సెరేన్ నిటారుగా నడిచింది. ఇద్దర్నీ కుడివైపే పంపారు. ఎటెల్కాకు సంతోషం కలగలేదు. కాళ్లు చల్లగా ఉన్నాయి, అంతే.

మర్నాడు మళ్లీ ఏరివేత. పక్కనున్న చెల్లెలు లేవలేదు. ఒళ్లు అప్పటికే కొయ్యబారింది. ఎటెల్కా ఏడవలేదు. వీపు మీది కుట్లు తెంపి లోరవిక తీసుకుంది. తను కూడా ఎండిపోయే ఉంది మరి. తెంపిన దారం తునకలైంది. చెల్లెలి నోట్లో వేలు పెట్టి చూస్తే, బుగ్గన దాచిన ఉండ దొరికింది. పిచ్చిపిల్ల, మింగలేదు.

పక్క మంచం బ్లాంకా వెనక నిలబడి సూదిలో ఆ దారమే ఎక్కించింది. "మరి నీకు నమలడానికో?"

"లేదు. కుట్టెయ్."

ఎటెల్కా బతికింది. ఊరొచ్చి మళ్లీ కొట్టు తెరిచింది. ఎవరి ఒంటి మీద కుట్టినా, కసురుతూనే నోటికి దారం అందించేది. తన గౌను చిరిగితే మాత్రం ఒంటి మీదే కుట్టుకునేది, నోట్లో ఏమీ పెట్టుకోకుండా.