గాలి కనిపించిన రోజు

రోజూ పొద్దున్నే వాతావరణ ఆఫీసు డాబా మీద నరసింగరావు ఒక తెల్ల బెలూన్ వదులుతాడు. వదిలేముందు దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుంటాడు. తర్వాత ఎడమకన్ను మూసి, కనుమరుగయ్యేదాకా దుర్భిణిలో చూస్తాడు. అది కొట్టుకుపోయిన తీరునుబట్టి పైగాలి లెక్కకట్టి విశాఖపట్నానికి తంతి పంపుతాడు. ఊరూరి లెక్కలూ కలిపి చూసి, తుఫాను సంగతి అక్కడివాళ్లు తిరుగు తంతిలో చెబుతారు.

1967 కార్తీకంలో ఒకరోజు, చేపల వేటకి ఎవరూ వెళ్లొద్దని తంతి వచ్చింది. సముద్రం మాత్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. చేపలమ్మే మరిడమ్మ డాబా ఎక్కి నిలదీసింది.

"ఆకైనా కదల్లేదు బాబూ! మావోడు నూకయ్య తెప్ప దించేస్తన్నాడు. ఏటి సూసి ఆపమంతారు?"

నరసింగరావు అప్పుడే వదిలిన బెలూన్ వైపు దుర్భిణి తిప్పి, పక్కకు జరిగాడు. మరిడమ్మ కన్ను ఆనించింది. అంత ఎత్తున ఆ తెల్లచుక్క, ఎవరో తరుముతున్నట్టు పడమటి కొండలవైపు పరుగెడుతోంది.

"గాలి అవుపించింది బాబూ," అంది మెల్లగా. మరుక్షణం ఒడ్డుకు పరుగెత్తింది.

"ఒరే నూకయ్యా, తెప్పలు దించకండ్రా! పైన గాలి పిచ్చెక్కి పోతన్నాది, నాను సూసినాను!"

మర్నాడు తుఫాను తీరం దాటింది. జాలరిపేటలో ఇళ్ల కప్పులన్నీ ఎగిరిపోయాయి. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు.