సదన్న ఇచ్చిన లైఫు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట. పదకొండేళ్లుగా బొగ్గు బావిలో పని చేస్తున్నాను. మూసేసిన దారిలో దీపం కనిపించిందనీ, ఎవరో పేరు పెట్టి పిలిచారనీ చెప్పేవాళ్లు ప్రతి షిఫ్టులో ఇద్దరైనా ఉంటారు. వాళ్లను ఏడిపించడంలో నాదే పైచెయ్యి. ఇప్పుడు నేనే ఇలాంటిది రాశానని తెలిస్తే పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇది మా అన్న సదానందం సంగతి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. గోదావరిఖనిలో ఫోన్లు, టీవీలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది అతనికి.

మా చిన్నప్పుడు కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటి ఇంట్లో ఉండేది. అందులో ఇద్దరు కలిసి ఆడే తుపాకుల ఆటంటే మాకు పిచ్చి. నాది నీలం చొక్కా మనిషి, అన్నది ఎర్ర చొక్కా మనిషి. చెరి మూడు లైఫులు. నావి ఎప్పుడూ ముందే అయిపోయేవి. అప్పుడు పక్కవాడు తన రిమోట్ మీద ఒక బటన్ నొక్కితే అతని లైఫుల్లోంచి ఒకటి మనకొస్తుంది. నేను అడగకముందే అన్న నొక్కేవాడు. ఆఖరిది కూడా ఇచ్చేసి, రిమోట్ పక్కన పెట్టి, నా ఆట చూస్తూ కూర్చునేవాడు.

బావిలో పనిచేసే బాపు ఒంట్లో బాగాలేక మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. అలాంటప్పుడు ఆ ఉద్యోగం కొడుకుల్లో ఒక్కరికే ఇస్తారు. పెద్దవాడిగా అది అన్నకు రావాల్సింది. నాకే కావాలని మూడు రోజులు అన్నం మానేసి ఇల్లు పీకి పందిరేశాను. సిగ్గులేని పని. తమ్ముడికిస్తే తనకు అభ్యంతరం లేదని తోడబుట్టినవాడు కాగితం రాసివ్వాలి. పెద్దపల్లిలో నోటరీ ముందు అన్న సంతకం పెడుతుంటే బాపు గొణిగాడు. అన్న తలెత్తకుండానే జవాబిచ్చాడు.

“నా చేతిల పనున్నది బాపూ. వానికేమున్నది?”

బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేశాడు. “ఆదివారం ఆదివారం రారా. మునుపటి లెక్క ఆడుకుందం.”

నేను వెళ్లలేదు. మొదట్లో మొహం చెల్లక వెళ్లలేదు. తర్వాత అదే అలవాటైపోయింది. ఆదివారం డ్యూటీని మేం ప్లేడే అంటాం, దానికి జీతం రెండింతలు. అన్న పిలిచినప్పుడల్లా ప్లేడే ఉందనేవాణ్ణి. లేని రోజు కూడా ఉందనేవాణ్ణి.

పోయిన ఏడు ఒక ఆదివారం పొద్దున, నేను బావి దగ్గర ఉండగా అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ కట్ చేశాను. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, పైనే పెట్టి దిగాను. మధ్యాహ్నం పైకొచ్చి ల్యాంపు అప్పజెప్పి ఫోన్ చూస్తే అన్నీ వదిన కాల్సే. దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండెపోటు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

దినాలయ్యాక వదిన ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

“నీ కోసమే చేసిండు రాజేశం. తయారైందని చెప్దామనే ఆ పొద్దు నీకు ఫోన్ చేసిండు.”

లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

డబ్బాలో అరచేతిలో పట్టే గేమ్ మెషీన్ ఉంది. బోర్డూ తెరా బ్యాటరీ విడివిడిగా తెప్పించి అన్నే అతికాడు. పాత వీడియో గేములను ఆడించే సాఫ్ట్‌వేర్ అందులో పెట్టాడు. దాన్ని ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, లోపల ఏముందో చదువుకోండి, మార్చుకోండి అని ఊరికే ఇచ్చేశారట. రెండో మనిషి ఆడాలంటే ఇంకో రిమోట్‌ను వైరుతో తగిలించాలి. అది డబ్బాలో లేదు.

నెల రోజులు దాన్ని బీరువాలోంచి తియ్యలేదు. తర్వాత ఒక ఆదివారం ప్లేడే మానేశాను. మధ్యాహ్నం మూడు గంటలు. ఇంట్లో నేనొక్కణ్ణే. మందు ముట్టలేదు, జ్వరం లేదు, నిద్రమత్తు లేదు.

ఆన్ చేయగానే మా పాత క్వార్టర్ నంబర్ కనబడింది. తర్వాత ఒకే ఒక్క ఆట, మా ఆట. పాత అలవాటుకొద్దీ ఇద్దరు ఆడేది ఎంచుకున్నాను. ఎర్ర చొక్కా మనిషి మొదటి మూలలోనే నిలబడ్డాడు. అక్కడికి తూటాలు రావు. అయితే వెనకవాడు కదలకపోతే ఆ ఆటలో దారి ముందుకు జరగదు. నేను ఉన్నచోటే గెంతి గెంతి మూడు లైఫులూ పోగొట్టుకున్నాను.

ఏడుపొచ్చింది. మెషీన్‌ను మంచం మీద పెట్టి తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాను. రెండు చేతులూ తువ్వాలలోనే ఉన్నాయి. తెర మీద అన్న లైఫులు మూడు నుంచి రెండుకు పడ్డాయి. పైనుంచి నీలం చొక్కా మనిషి దిగాడు.

“వద్దే సదన్నా!” అని గట్టిగా అరిచాను. స్విచ్ ఆపేశాను.

మర్నాడు మెషీన్‌ను అన్నతో కలిసి దుకాణం నడిపిన యూసుఫ్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. నేనే ఏదో నొక్కి ఉంటానని కొట్టిపారేశాడు. రెండో రిమోట్ గురించి అడిగితే సొరుగు లాగి చూపించాడు. దానికింకా వైరే అతకలేదు.

బటన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి, ఏది ఎప్పుడు నొక్కినా మెషీన్ రాసుకునేలా అన్న ఏర్పాటు చేశాడట. యూసుఫ్ భాయ్ అది తెరిచాడు. నేను నొక్కినవన్నీ ఉన్నాయి. రెండో రిమోట్ కింద ఒక్కటీ లేదు. అన్న ఏమైనా మార్చాడేమోనని రెండు రోజులు కూర్చుని అసలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చాడు. అన్న తనంతట తాను చేర్చింది ఆ క్వార్టర్ నంబర్, ఈ బటన్ల లెక్క మాత్రమే.

“అంత ఖుల్లా ఉన్నది భాయ్. దాచిపెట్టేటందుకు దీంట్ల జాగనే లేదు,” అని తల పట్టుకున్నాడు.

రెండో రిమోట్‌కు వైరు అతికి ఇచ్చాడు. ఇప్పుడు ఆదివారాలు డ్యూటీకి పోవడం లేదు. రిమోట్ తగిలించి పక్కన పెట్టి ఆడతాను. మూడు లైఫులూ పోగొట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తాను. అన్నవి మూడు మూడే ఉంటాయి. ఎర్ర చొక్కా మనిషి ఆ మూలలోనే ఉంటాడు.

పాత ఆటలో ఏదో లోపం ఉండొచ్చని యూసుఫ్ భాయ్ అంటాడు. కావచ్చు. ఆ రోజు జరిగింది ఏమిటో నేను చెప్పలేను. నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ లైఫు ఎవరిచ్చినా, ఎలా వచ్చినా, నేను ఆడి ఉండాల్సింది. స్విచ్ ఆపేసి లేచిపోయాను. ఆ ఆదివారం కూడా అన్నతో ఆడలేదు.