పళ్లెంలో తగ్గిన రేకు

నా చిన్నప్పుడు మా ఇళ్లల్లో ఆదివారం ఎవరూ పానా ముట్టుకునేవారు కాదు. మా పెదనాన్న పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆరు రోజులూ ఆయన చేతులను గ్రీజు వదిలేది కాదు. శనివారం పొద్దుగూకేలోపు పని ముగించి, కిరోసిన్‌తో చేతులు కడుక్కుని, మర్నాడు తెల్లబట్టలతో చర్చికి వచ్చేవాడు. గోళ్ల కింది నలుపు మాత్రం దేవుడి ముందుకి కూడా అలాగే వచ్చేది.

ఆయనకు ఒక పాత పికప్ బండి ఉండేది. నడిపేది ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా అన్న. బీరంగూడలో అప్పుడప్పుడే లేస్తున్న ఇళ్లకు ఇటుకలు తోలేవాడు. నిండు లోడుతో ఎత్తు ఎక్కాలంటే బండి ఎగపోసేది. అందుకని పెదనాన్న వెనక ఇరుసును వాకిట్లోనే విప్పి, లోపలి పళ్ల చక్రాల జత మార్చడానికి కూర్చున్నాడు. ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే టైరు ఒక చుట్టు తిరగాలో తేల్చేది ఆ జతే. మారిస్తే బండి బరువు బాగా లాగుతుంది, ఉరకడం తగ్గుతుంది. "ఇగ ఇది ఎద్దులబండే నాయినా" అని అన్న మూతి ముడిస్తే, "ఇంటికొస్తవ్ గద, సాలు" అని పెదనాన్న నవ్వాడు.

సామాను అందించేది నేనే. తొమ్మిదేళ్ల ఆడపిల్లకు ఇనుముతో పనేమిటని నానమ్మ సణిగినా ఆయన వినలేదు. ఆయనకో పద్ధతి ఉండేది. బిగించాల్సినవన్నీ కడిగి ఒక పళ్లెంలో పరిచేవాడు. లెక్కపెట్టడమంటూ లేదు, పళ్లెం ఖాళీ అయితే పని అయిపోయినట్టే. ఆ పళ్లెంలో, ఆ జతలోని పెద్ద చక్రం బోల్టుల కింద వేసే పలుచటి కొత్త రేకులు ఉన్నాయి. బోల్టు బిగించాక రేకు అంచును దాని తలకు ఆనించి మడిస్తే అది వదులు కాదు. ఒక్కో రేకు రెండు బోల్టులను పట్టి ఉంచుతుంది. తళతళ మెరుస్తున్నాయి. ఒకటి నా బొమ్మకు కంచంగా బాగుంటుందని తీసి గౌను జేబులో వేసుకున్నాను.

ఆ రోజు శనివారం, పొద్దు దిగిపోతోంది. "జల్దీ తే బిడ్డా" అంటూ ఆయన మసక వెలుతురులో చేతి తడుముడుతోనే అన్నీ బిగించాడు. చివరికి, "ఇంకేమన్నా ఉన్నయా?" అని అడిగాడు. పళ్లెం చూశాను, ఖాళీ. "ఇగ లేవు పెద్దనాయినా" అన్నాను. ఆయన ఇరుసు మూసేశాడు.

నెల తిరక్కుండానే, ఇటుకలతో వెళ్తున్న బండి వెనక చక్రాలు ఉన్నట్టుండి పట్టేశాయి. బండి పల్టీ కొట్టింది. అన్న అక్కడికక్కడే పోయాడు. పలకరించడానికి వచ్చిన వాళ్లంతా ఒకటే మాట: "వయసు పిల్లగాడు, జోరుగ కొట్టిండు." ఆ మాట విన్నప్పుడల్లా పెద్దమ్మ, తప్పు తనదైనట్టు తల దించుకునేది. ఆ బండికి అంత జోరు రాదని పెదనాన్నకు తెలుసు.

బండిని ఇంటికి లాక్కొచ్చాక ఆయన మళ్లీ ఇరుసు విప్పాడు. నూనెతో పాటు నలిగిపోయిన బోల్టులు రెండు పళ్లెంలో పడ్డాయి. వదులై ఊడి, లోపలి పళ్ల చక్రాలకు అడ్డం పడ్డవి అవే. వాటి చోట రేకు లేదు. ఆయన ఆ చోట వేలు పెట్టి తడిమి చూశాడు. నేను లోపలికి వెళ్లి బొమ్మ కంచం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నువ్వు ఆడుకోను తీస్కున్నవ్. సూడకుంట మూసింది నేను" అన్నాడు. రేకును జేబులో వేసుకుని, "ఎవ్వల్కి సెప్పకు బిడ్డా. మీ పెద్దమ్మకు అసలే సెప్పకు" అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో ఒక్కొక్కరూ లేచి అందరి ముందూ తమ సాక్ష్యం చెప్పుకునే వేళకు ఆయన లేచి నిలబడ్డాడు. "నా కొడుకు జోరు మీద పోలె. గా బండి ఉరుకనే ఉరుకదు. ఒక రేకు ఎయ్యకుంట ఇరుసు మూసిన. నా కొడుకును నేనే సంపుకున్న" అని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అన్నను ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దమ్మ తలెత్తి నడిచింది. కానీ పెదనాన్నతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు, ఆయన పోయేదాకా.

పాడైనవి మార్చి, ఆయన ఆ రేకునే వేసి ఇరుసు మళ్లీ బిగించాడు. ఈసారి ఒక్కోదాన్నీ పైకి లెక్కపెడుతూ, నాతోనూ లెక్కపెట్టించాడు. అమ్మేసేదాకా ఆ బండికి ఏమీ కాలేదు.

ప్రతి ఆదివారం వాళ్లింట్లోనే నాకు అన్నం. పెద్దమ్మ ఆయన కంచంలో మౌనంగా వడ్డించి, మంచి ముక్క ఏరి నాకు వేసేది. "తిను బిడ్డా, మీ అన్న వాటా" అనేది. ఎదురుగా పెదనాన్న తలెత్తకుండా తినేవాడు. నేనొక్క మాట చెబితే ఆమె ఆయనతో మాట్లాడేదేమో. మొదట భయం వేసింది. పెద్దయ్యాక సిగ్గేసింది. తర్వాత ఆయన పోయాడు, ఆమె కూడా పోయింది. నేను మాత్రం అన్నాళ్లూ ఆ ముక్క తింటూనే వచ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం కూర వడ్డించేది నేనే. మంచి ముక్క నా కంచంలో వేసుకోను. ఎందుకు వేసుకోవని మనవరాలు అడుగుతుంది. నాకు పడదే అని చెబుతాను.