రెండు బతుకమ్మలు

మొన్న ఎనుమాముల రోడ్డు మీద పత్తి లారీ వెనక ఆటోలో పోతుంటే, వానకు తడిసిన బోరాల వాసన ముఖానికి కొట్టింది. చిన్నప్పుడు నాన్న మిల్లు నుంచి ఆ వాసనతోనే ఇంటికి వచ్చేవాడు. జుట్టులో, కనుబొమల మీద, చెవి మడతల్లో నూగులా పత్తి అంటుకుని, నలభై నిండకుండానే ముసలివాడిలా కనిపించేవాడు.

మాది మట్టెవాడ. పక్కింటి సైలు కాకా, నాన్నా మిల్లులో ఎదురెదురు మిషన్ల మీద నూలు తీసేవాళ్లు, ఒకే సైకిల్ మీద పోయి ఒకే సైకిల్ మీద వచ్చేవాళ్లు. బతుకమ్మ పండక్కి ఇద్దరూ కలిసి తంగేడు, గునుగు కోసుకొస్తే, అమ్మా, కాక భార్య రాజవ్వ చిన్నమ్మా గునుగుకు రంగులద్ది, ఒకే తాంబాళంలో మా నడుము ఎత్తున ఒకే బతుకమ్మను పేర్చేవాళ్లు. కాక బిడ్డ పద్మా నేనూ పక్కన కూర్చుని మలీద ముద్దలు తింటూ, రాలిన పూలు ఏరి ఇచ్చేవాళ్లం.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, నష్టాలొస్తున్నాయని మిల్లువాళ్లు సగం మందిని తీసేశారు. కాక పని పోయింది, నాన్న పని నిలిచింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. వాడకట్టులో మాత్రం నాన్నే కాక పేరు మేనేజరు చెవిలో వేశాడన్నారు. కాక స్టేషన్ దగ్గర రిక్షా తొక్కసాగాడు. నాన్న పొద్దున్నే కాక ఇంటి ముందు సైకిల్ దిగి, మలుపు దాకా నడిపించుకుపోయేవాడు. ఆ ఏడు మా రెండిళ్ల నుంచి రెండు చిన్న బతుకమ్మలు వెళ్లాయి.

మిల్లులో మిగిలినవాళ్లు ఒక్కొక్కరు ఇద్దరి పని చేశారు. తెగిన దారం అతికే చేతులు చాలక, రేపు తమ వంతేమోనన్న దిగులుతో పని మీద మనసు నిలవక, నూలు పాడై బజారు నుంచి వెనక్కి రాసాగింది. చివరికి మేనేజరు సైలును తీసుకురమ్మని నాన్నను పంపాడు.

నాన్న వెంట నేనూ స్టేషన్ దగ్గరికి వెళ్లాను. కాక రిక్షా సీటు తుడుస్తున్నాడు.

"సైలూ, మళ్ల రమ్మంటాండ్రు," అన్నాడు నాన్న.

"నువ్వు తీసేపిచ్చినవని నేనెన్నడు అనుకోలె అన్నా," అన్నాడు కాక. "గని నన్ను పంపిన దినం గేటు దాంక గూడ రాకపోతివి. గదే కడుపుల ఉన్నది."

నాన్న దగ్గరికి జరిగాడు. "భయమైంది సైలూ."

"ఎర్కే. నీ జాగల ఉంటే నేనైనా గంతే. గని ఇగ ఆ మిల్లుల అడుగు వెట్ట. మగ్గాల పనికి భీమండి పోతానం."

వద్దన్నా వినకుండా కాక మమ్మల్ని రిక్షాలో ఇంటి దగ్గర దింపాడు. దారి పొడవునా చెమటకు తడిసిన ఆ వీపు వైపు చూడలేక, నాన్న తల పక్కకు తిప్పుకునే కూర్చున్నాడు.

మరుసటి ఏడు బతుకమ్మ పండగ రాకముందే వాళ్లు వెళ్లిపోయారు. మిల్లు కూడా ఎంతోకాలం నడవలేదు. ఇప్పుడు ఆ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. పద్మ ఏ ఊరి కోడలైందో తెలియదు. చాలా ఏళ్ల తర్వాత, భీమండి నుంచి వచ్చిన ఒకాయన సైలు చనిపోయాడని నాతో అన్నాడు. నాన్నకు ఆ మాట చెప్పలేదు. మంచాన పడ్డాక కూడా నాన్న, "సైలు ఎట్లున్నడో," అనేవాడు. "మంచిగనే ఉంటడు," అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అడిగేవాళ్లూ లేరు.